చివరగా బస్సెక్కే ఫిలొమెన్ గారు

పెద్దల సంఘం కార్యవర్గ సభ్యులకు నమస్కరించి విన్నవించుకొనునది:

పేరు ఫిలొమెన్ ఇస్నార్. వయస్సు డెబ్బై ఆరు. నివాసం పోస్టాఫీసు వీధిలో, ఇప్పుడు మూతపడిన రిబ్బన్ల దుకాణం మీది అంతస్తు. ఈమెను నేను ముప్పై నాలుగేళ్ళుగా ఎరుగుదును. ఈమెను గురించి చెప్పవలసిన విశేషం ఒక్కటే ఉన్నది: ఈమె బస్సును చివరగా ఎక్కుతారు. చివరి ఇద్దరిలో ఒకరుగా కాదు, చివరి ముగ్గురిలో ఒకరుగా కాదు. చివరగా. తొమ్మిది వేసవులలో, ఒక్కో యాత్రకు మూడు మజిలీల చొప్పున, ఇరవై ఏడు మజిలీలలో ఇరవై ఏడుసార్లు. మన ఊరి చర్చి గడియారం కూడా ఇంత నిలకడగా పనిచేసి ఎరుగదు.

వచ్చే గురువారం సమావేశంలో ఈమె పేరును లావెండర్ యాత్ర జాబితా నుండి శాశ్వతంగా తొలగించే తీర్మానం చర్చకు రానున్నది. ఆ తీర్మానం ముసాయిదా రాసినవాడను నేనే. దానికి జతపరచేందుకు ఈమె ప్రవర్తనపై ఒక నివేదిక కావాలని అధ్యక్షురాలు ఎల్వీర్ కాస్తాన్ గారు కార్యదర్శినైన నన్ను ఆదేశించారు. జిల్లా కార్యాలయంలో నలభై ఏళ్ళపాటు ఇతరుల లేఖలకు శుద్ధప్రతులు రాసినవాడిని. నివేదిక ఎలా ఉండాలో నాకు తెలుసు. ఇది అలా లేనిచోట మన్నించ ప్రార్థన.

సభ్యులకు తెలిసిన సంగతే అయినా దస్తావేజులో ఉండవలసినది గనుక రాస్తున్నాను. ప్రతి జూలై రెండవ గురువారం ఉదయం ఆరున్నరకు మన బస్సు వెంటూ కొండ చుట్టి పీఠభూమికి చేరుతుంది. మొదటి మజిలీ లావెండర్ మళ్ళు. రెండవది బొనిఫే గారి లావెండర్ నూనె బట్టీ. మూడవది పట్టణం కూడలి. అక్కడ సత్రంలో భోజనం, తర్వాత తేనె, బాదం మిఠాయి కొనుక్కోవడం. మన నియమావళి ఏడవ నియమం ప్రకారం ఏ మజిలీలోనైనా చివరగా బస్సెక్కినవారే ఆలస్యానికి బాధ్యులు. వారి పేరు రిజిస్టరులో ఎక్కుతుంది. పైగా వారు డ్రైవరు చేతిలోని మైకు అందుకుని, అందరి ముందూ నిలబడి, ఒక చరణం పాడి తీరవలసి ఉంటుంది. ఈ నియమం పెట్టిన తొలి ఏడాది ఒక మాజీ న్యాయమూర్తి గారు పాడవలసివచ్చి, మరుసటి ఏడాది నుండి యాత్రకే రావడం మానుకున్నారు.

ఫిలొమెన్ గారు మానుకోలేదు.

ఆమె పాడేది ఎప్పుడూ ఒకే పాట. మిల్లుకు పోనని మొరాయించిన గాడిద పాట. మొదటి చరణమే వచ్చు. స్వరం గురించి రాయాలంటే, తుప్పు పట్టిన గేటు ఆత్మగౌరవంతో తెరుచుకున్నట్టు ఉంటుంది.

"పోనంటే పోను, నీ మిల్లుకు నేను,
కాలు నాది, తొందర నీది!"

మొదటి రెండేళ్ళు బస్సంతా చెవులు మూసుకుంది. మూడవ ఏడాది వెనక సీట్లవారు గాడిద కూత అందించసాగారు. ఐదవ ఏడాదికి డ్రైవరు రెజీస్ "కాలు నాది" అన్నచోట సరిగ్గా హారను కొట్టడం నేర్చుకున్నాడు. అందుచేత ఆమె ఆలస్యానికి కారణం మైకు మోజేనని సంఘంలో అభిప్రాయం స్థిరపడింది. నా అభిప్రాయమూ అదే. లిఖితపూర్వకంగా కూడా వెల్లడించి ఉన్నాను.

ఆలస్యానికి ఆమె చెప్పిన సంజాయిషీలను నేను ఎప్పటికప్పుడు నమోదు చేశాను. రెండవ ఏడాది మళ్ళ దగ్గర ఇరవై నిమిషాలు.

"ఏమ్మా, ఇవాళ ఎవరు ఆపారు?" అని రెజీస్ అడిగాడు.

"తేనెటీగ, నాయనా. నా టోపీ మీద వాలింది."

"దులిపేసుకోవచ్చుగా?"

"పనిలో ఉన్న మనిషిని ఎలా కదిలిస్తాం?"

నాలుగవ ఏడాది ఒక మేకతో మాట తేలలేదన్నారు. ఆరవ ఏడాది బూట్ల తాళ్ళు ముడిపడ్డాయన్నారు. ఆనాడు ఆమె తొడుగుకున్నవి తాళ్ళు లేని చెప్పులు. ఏడవ ఏడాది వెంటూ శిఖరం మీద మబ్బు టోపీలాగా కూర్చున్నదట, అది తీస్తుందా లేదా చూద్దామని నిలబడ్డారట.

"తీసిందా?" అన్నాడు రెజీస్.

"లేదు. మర్యాద తెలియని కొండ."

ఇక్కడ నన్ను తొమ్మిదేళ్ళుగా వేధించిన ఒక వైరుధ్యాన్ని పేర్కొనక తప్పదు. రిబ్బన్ల దుకాణం నడిపినంతకాలం ఈమె తలుపు ఎనిమిది గంటల మొదటి దెబ్బకు తెరుచుకునేది. నేను దానిని చూసి చేతిగడియారం సరిచేసుకునేవాడిని. సంఘంలో చేరిన మొదటి మూడు వేసవులలోనూ బస్సులో అందరికంటే ముందు కూర్చున్నది ఈమే. పైగా, ఆలస్యమైన ప్రతిసారీ ఈమె వచ్చే తీరు చూడాలి. స్కర్టు రెండు చేతులతో ఎత్తిపట్టి, లావెండర్ కట్ట చంకలో ఇరికించుకుని, మెట్లు రెండేసి చొప్పున దాటుతూ వస్తారు. డెబ్బై ఆరేళ్ళ మనిషి అంత పరుగు తీయగలిగినప్పుడు ఐదు నిమిషాలు ముందు బయలుదేరడానికి అడ్డేమిటని నేను సమావేశంలో ప్రశ్నించాను. ప్రశ్న బాగుందని ఎల్వీర్ గారు అన్నారు.

ఫిలొమెన్ గారి చేతిలో ఎప్పుడూ ఏదో అల్లిక ఉండేది. పచ్చి లావెండర్ కాడలను కట్టి, పువ్వులు లోపలికి వచ్చేలా వంచి, కాడల మధ్య రిబ్బను పైకీ కిందికీ పోనిస్తూ అల్లే కదుళ్ళు మనందరి ఇళ్ళలోనూ ఉన్నవే. ఈమె ఏటా బట్టీ దగ్గర ఒకటి అల్లి, బస్సెక్కగానే, పాడవలసిన పాట పాడేసి, నాకు ఇచ్చేవారు.

"రుస్తాన్ గారూ, బట్టల బీరువాలో పడేయండి. చిమ్మటలు రావు."

"మదాం, ఇది అల్లడం మానితే సమయానికి రాగలిగేవారు కదా."

"అవునండీ. మీ అంత సమయపాలన నాకెక్కడ వస్తుంది?"

నేను దానిని ప్రశంసగానే స్వీకరించాను.

ఇప్పటికి మూడు హెచ్చరిక లేఖలు పంపడం జరిగింది. మూడింటికీ శుద్ధప్రతి నాదే. రెండవ లేఖ అందిన మరునాడు ఈమె మా ఇంటికి వచ్చారు. క్షమాపణ చెబుతారని కుర్చీ చూపించాను.

"కళ్ళజోడు తేలేదు, కాస్త చదివి పెడతారా?" అన్నారు.

చదివాను. "పదేపదే ఉద్దేశపూర్వకమైన జాప్యము" అన్నచోట మళ్ళీ చదవమన్నారు. చదివాను.

"ఎంత బాగా తిట్టారండీ. ఆ 'జ' చూడండి, ఎంత ముద్దుగా ఉందో. చట్రం కట్టిస్తాను."

అన్నంత పనీ చేశారు. ఆ లేఖ ఈనాటికీ ఆమె వంటింట్లో, ఉల్లిపాయల జడకు పక్కన, అద్దం వెనక ఉన్నది.

సంఘం ఓపిక తెగినది నిరుటి యాత్రలో. బట్టీ దగ్గర నలభై నిమిషాలు ఆలస్యం. ఆమె ఊపిరాడకుండా పరుగెత్తి వచ్చేసరికి టోపీ నిండా గడ్డి, చేతిలో అప్పడాల కర్రంత కదురు. పట్టణం చేరేసరికి సత్రంలో మన నలభై ముగ్గురికి వండిన గొర్రెపిల్ల మాంసాన్ని వెంటూ కొండెక్కి దిగిన బెల్జియం సైకిళ్ళవాళ్ళు తినేసి, ఎముకలు సత్రం కుక్కకు పెడుతున్నారు. మనకు ఉడికిన గుడ్లు, టమాటాలు, నిన్నటి రొట్టె.

"వెల్లుల్లి, రోజ్‌మేరీ వేసి తెల్లారుజాము నుంచి ఉడికించారట," అన్నారు ఎల్వీర్ గారు, గుడ్డు ఒలుస్తూ. "ఫిలొమెన్, ఆ వాసన ఇంకా గదిలో ఉంది. ఇది నీకు చివరి యాత్ర."

"ఒక్క ముక్క కూడా మిగల్లేదా?" అన్నారు ఫిలొమెన్ గారు.

"నీకు సిగ్గు లేదా?"

"సిగ్గు ఉంది. ఆకలి కూడా ఉంది. ఆ ఉప్పు ఇలా ఇవ్వు."

తీర్మానం అక్కడే, ఆ గుడ్ల ముందే పుట్టింది.

నివేదికకు సాక్ష్యం బలంగా ఉండాలని నేను బట్టీ యజమాని బొనిఫే గారికి లేఖ రాసి, ఈమె జాప్యపు అలవాటుపై సంతకంతో వాంగ్మూలం కోరాను. ఆయన జవాబు రాయలేదు. గత శుక్రవారం సంతకు వచ్చి, కూడలిలో కాఫీ తాగుతున్న నా బల్ల దగ్గరే కూర్చున్నారు. మేము ముఖాముఖి కలవడం అదే మొదటిసారి. మన బృందం వచ్చినప్పుడల్లా ఆయన బట్టీ మంట దగ్గరే ఉంటారు.

"రాయడం నాకు రాదండీ. చెప్తాను, మీరే రాసుకోండి. ఆవిడా, ఆలస్యమా? వచ్చిన ఐదు నిమిషాల్లో చూడాల్సిందంతా చూసేస్తుంది. తర్వాత బట్టీ వెనక కట్టెల మీద కూచుని రిబ్బను అల్లుతూ దారివైపు చూస్తూంటుంది."

"దేనికోసం?"

"మీ బస్సులో ఎవరో కుంటి పెద్దాయన ఉన్నాడట. మా దగ్గర్నుంచి బస్సు దాకా ఏటవాలు కదా, ఎక్కడానికి చచ్చేంత సేపు పడుతుంది. ఆయన బస్సు మెట్టు మీద కాలు పెట్టేదాకా ఈవిడ కదలదు. పెట్టాడా, ఇక చూడాలి ఆ పరుగు. మా కుక్క కూడా పక్కకి తప్పుకుంటుంది."

నేను కలం ఆపాను. "ఎందుకట?"

"నేనూ అడిగాను. చివర ఎక్కినవాళ్ళు పాడాలట కదా. 'ఆయన చేతికి మైకిస్తే ఆయన ప్రాణం పోతుంది, నా చేతికిస్తే పాట ప్రాణం పోతుంది, ఏది తక్కువ నష్టమో నువ్వే చెప్పు బొనిఫే' అంది."

"ఆ పెద్దాయన పేరు?"

"చెప్పలేదు. నేను దూరం నుంచే చూశాను. మండే జూలైలో కూడా నల్ల కోటు. మెడకి టై. వెండిపిడి చేతికర్ర."

ఆ సమయంలో నేను నల్ల కోటు ధరించి ఉన్నాను. టై సరిచేసుకోబోయి చెయ్యి దించుకున్నాను. బొనిఫే గారి చూపు నా కోటు మీదికి వచ్చి, అక్కడి నుండి బల్ల అంచుకు తగిలించిన చేతికర్ర మీదికి వెళ్ళింది. ఆయన తన కాఫీ మొత్తం తాగారు. అడుగున మిగిలిన చక్కెర కూడా చెంచాతో తీసుకున్నారు.

"నిరుడు మరీ అన్యాయం లెండి," అన్నారు చివరకు. "మీరు గడ్డివాము మీద కూచుని నిద్రపోయారు. ఆవిరి పట్టి నూనె తీసేసిన లావెండర్ గడ్డి వెచ్చగా ఉంటుంది, ఎవరికైనా పడుతుంది కునుకు. నేను మంట దగ్గర్నుంచే కేకేసి లేపబోతే ఆవిడ వద్దంది. పొద్దున బస్సులో మీరు కాలు ఒత్తుకుంటూనే ఉన్నారట, రాత్రంతా పడుకున్నట్టు లేరంది. తన టోపీ తీసి మీ మొహానికి నీడ పెట్టింది. అరగంట అయ్యాక, భోజనం పోతుందేమోనని, టోపీ తీసేసుకుని మా కుక్కని మొరిగించింది."

ఆ కుక్క మొరుగుడు నాకు గుర్తున్నది. లేచి, కోటు దులుపుకుని, నాకు తోచిన వేగంతో బస్సు చేరాను. "పాపం, ఈ వయసులో ఆవిణ్ణి వెతుక్కుంటూ వెళ్ళారు" అని ఎల్వీర్ గారు నాకు నీళ్ళిచ్చారు. నేను నీళ్ళు తాగాను. ఆ మాటను సవరించలేదు. పైగా, "మదాం ఇస్నార్ ఇంకా రాలేదా?" అని గట్టిగా అడిగినవాడను కూడా నేనే. ఈ రెండు విషయాలను నిరుటి నివేదికలో రాయలేదు. ఇప్పుడు రాస్తున్నాను.

శుక్రవారం సంత నుండి ఇంటికి వెళ్ళి బీరువా తెరిచాను. అడుగు అరలో తొమ్మిది కదుళ్ళు. వాటిని బల్ల మీద ఏడాది వరుసన పేర్చాను. రిబ్బను అల్లే చెయ్యి పాతికేళ్ళు దుకాణంలో ఆరితేరినది. దాని వేగం మారదు. మారినది నిడివి. మొదటిది నా తుంటి ఆపరేషను జరిగిన వేసవిది, చూపుడు వేలంత. మూడవది కలమంత. ఆరవది చెంచా కంటే పొడవు. తొమ్మిదవది అప్పడాల కర్ర. స్కేలు పెట్టి కొలిచాను. నేను ఆ ఏటవాలు ఎక్కడానికి ఏ ఏడాది ఎంతసేపు తీసుకున్నానో సంఘం రిజిస్టరులో ఎక్కడా లేదు. నా బీరువాలో ఉన్నది, చిమ్మటలు పట్టకుండా. పిమ్మట రిజిస్టరు కూడా తిరగవేశాను. ఇరవై ఏడు మజిలీలలో ఆమె పేరుకు సరిగ్గా పై వరుసలో, నా చేతిరాతతోనే, ఇరవై ఏడుసార్లు నా పేరు ఉన్నది. ప్రతిసారీ ఎదురుగా "సకాలము" అని కూడా రాసుకున్నాను.

చేతికర్ర తీసుకుని పోస్టాఫీసు వీధికి వెళ్ళాను. ఆమె వంటింట్లో చిక్కుడు గింజలు ఒలుస్తున్నారు.

"బొనిఫే చెప్పాడు," అన్నాను.

"ఆయన మాటలు నమ్మకండి. ఆవిరి పీల్చి పీల్చి ఆయనకి మతి సరిగా లేదు. నాకు మైకంటే పిచ్చి."

"పాతికేళ్ళలో ఒక్కనాడు దుకాణం ఆలస్యంగా తెరవలేదు మీరు."

"అందుకే ఇప్పుడు కసి తీర్చుకుంటున్నాను."

"కదుళ్ళు కొలిచాను."

ఆమె చేతిలోని కాయ ఆగింది.

"కొలిచారా," అన్నారు. తర్వాత నవ్వారు. "మీరు కొలవకుండా ఎలా ఉంటారులెండి. స్కేలుతోనేనా?"

"స్కేలుతోనే."

"కమిటీకి రాయకండి. అన్నేళ్ళ 'సకాలము' పాడైపోతుంది. నన్ను తీసేస్తే తీసేశారు, పెద్ద నష్టమేం లేదు, పాట వినేవాళ్ళు కూడా సుఖపడతారు. కానీ వచ్చే జూలైలో బొనిఫే దగ్గర మీరు కాస్త ముందే బయల్దేరండి. ఆ ఏటవాలు మీకు పడదు. గడ్డి మీద మాత్రం కూచోకండి."

నేను గోడమీది చట్రం వైపు చూశాను. నా "జ" నిజంగానే బాగున్నది. మిగిలిన లేఖ బాగులేదు.

"మదాం, ఆ గాడిద పాటకు రెండవ చరణం ఉన్నదని మీకు తెలుసా?"

"ఉందా? నాకెవరూ నేర్పలేదు."

"మా అమ్మ పాడేది," అని చెప్పి, వచ్చేశాను.

రాయవద్దని ఆమె స్పష్టంగా కోరారు. నా ఉద్యోగ జీవితంలో పైవారు రాయమన్నదానికి అక్షరం చేర్చలేదు, అక్షరం తీయలేదు. ఇది శుద్ధప్రతి కాదు. దీనికి మూలప్రతి ఎవరూ ఇవ్వలేదు.

కావున కార్యవర్గాన్ని సవినయంగా కోరునది: ఫిలొమెన్ ఇస్నార్ గారి తొలగింపు తీర్మానాన్ని ఉపసంహరించవలెను. రిజిస్టరులోని ఇరవై ఏడు జాప్యాలను నా పేరిటకు మార్చవలెను. గొర్రెపిల్ల మాంసం విషయంలో సభ్యులకు నా క్షమాపణను ఆమోదించవలెను. మూడు హెచ్చరిక లేఖలు రద్దయినట్టు భావించవలెను, రెండవ దానిని మాత్రం ఆమె గోడ మీదనే ఉంచనీయవలెను. రాబోవు జూలై రెండవ గురువారం బొనిఫే గారి బట్టీ మజిలీలో మైకును నాకు అప్పగించవలెను. రెండవ చరణం ప్రతి ఉదయం గడ్డం గీసుకునేటప్పుడు అభ్యసిస్తున్నాను. మైకు ధ్వనిని తగ్గించమని రెజీస్‌కు, హారను మానవద్దని కూడా, ఆదేశించ ప్రార్థన.

చివరగా, ఆ మజిలీలో ఆమెను నాకంటే ముందు బస్సెక్కించడం అవసరం. ఆమె ఒప్పుకోరు. కట్టెల వెనక దాక్కుంటారు, పైగా మనలో ఎవరికంటేనూ వేగంగా పరుగెత్తగలరు. ఈ కారణం చేత, ఆమెను పట్టుకుని బస్సెక్కించే పనికి మోకాళ్ళు బాగున్న సభ్యులను కనీసం ఇద్దరిని ముందుగానే నియమించవలసిందిగా మనవి.

ఇట్లు,
తమ విధేయుడు,
అనొరే రుస్తాన్, వయస్సు డెబ్బై తొమ్మిది,
కార్యదర్శి